పాంటోప్రజోల్ మాత్రను నలిపి ఇవ్వవచ్చా?

ప్రశ్న (విజయనగరం): మా అమ్మగారు మాత్ర మింగలేకపోతున్నారని, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్‌ను పొడి చేసి గంజిలో కలపబోతే, మందుల షాపువారు వద్దన్నారు. కారణం తెలిసినవారు వివరించగలరు.

జవాబు (పైడిభీమవరం): ఆ మందు ఆమ్లంలో నిలవదండి. ఖాళీ కడుపులో పీహెచ్ (ఆమ్లత కొలమానం; అంకె తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) సుమారు 1 నుంచి 3 వరకు ఉంటుంది; మాత్రపై సాధారణంగా వేసే మెథాక్రిలిక్ ఆమ్లపు పాలిమర్ పూత అక్కడ కరగక, పీహెచ్ 5.5 దాటిన చిన్నపేగులో తనలోని కార్బాక్సిల్ సమూహాలు (ఆమ్ల గుణమున్న భాగాలు) అయనీకరణం చెందాక, అంటే విద్యుదావేశం పొందాక, కరిగి మందును వదులుతుంది. నలిపితే ఆ రక్షణ పోయినట్టే.

జవాబు (శ్రీకాకుళం): విచిత్రమేమిటంటే, రక్తం ద్వారా జీర్ణాశయపు గోడ కణాలకు చేరాక ఈ మందును పనిచేసే రూపంలోకి మార్చేది కూడా ఆమ్లమే.

ప్రశ్న అడిగినవారు: మరి మార్గమేమిటండి?

జవాబు (పైడిభీమవరం): ఇదే కోవకు చెందిన ఒమెప్రజోల్ క్యాప్సూల్‌లోని చిన్న గుళికలకు విడివిడిగా పూత ఉంటుంది. దాన్ని విప్పి, గుళికలను నమలకుండా మింగించవచ్చేమో డాక్టరు గారిని అడగండి.