నాలుగు నెలలు ఊళ్లో ఉండం, కారు బ్యాటరీ వైర్ పీకేసి వెళ్లాలా?

నిజాంపేట్‌వాలా:
అమ్మానాన్నలని తీసుకుని డాలస్‌లో అక్క దగ్గరికి వెళ్తున్నాం, సెప్టెంబర్‌లో వెళ్తే మళ్లీ సంక్రాంతికే రావడం. కారు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది. పెట్రోల్ బండి, 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ, రిమోట్ లాక్, డాష్‌క్యామ్ కూడా ఉంది. వాచ్‌మన్ "తాళం ఇచ్చి పొండి సార్, వారానికోసారి స్టార్ట్ చేస్తా" అంటున్నాడు. బావమరిదేమో బ్యాటరీ వైర్ పీకేస్తే గొడవుండదంటాడు. పీకేటట్టయితే ముందు ఏ వైరు? షాక్ కొడుతుందా?

పది నంబర్ పానా:
షాక్ కొట్టదండీ, ఉన్నది 12 వోల్టులే. భయపడాల్సింది షార్ట్‌కి. ముందు మైనస్ తీయాలి, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. వైరు రంగు చూసి కాదు, బ్యాటరీ మీద గుర్తు చూసి తీయండి. కారు ఇనుప బాడీ అంతా మైనస్‌కే కలిపి ఉంటుంది కాబట్టి, మైనస్ అలాగే ఉంచి ప్లస్ నట్టు విప్పుతుంటే పానా రెండో కొస పక్కనున్న రేకుకి తగిలిందంటే చాలు, వందల ఆంపియర్లు ఆ పానాలోంచే పోతాయి, నిప్పులు రాలతాయి, పానా అక్కడే అతుక్కుపోయినా ఆశ్చర్యం లేదు. పైగా బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంటుంది, దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. మైనస్ ఒకసారి విడిపోయాక ప్లస్ దగ్గర పానా బాడీకి తగిలినా ఏమీ కాదు. మీ పనికి అసలు ప్లస్ ముట్టుకోవాల్సిన అవసరమే లేదు, మైనస్ ఒక్కటి తీస్తే సరిపోతుంది.

ఉంగరం, వాచీ, చేతి గొలుసు తీసి పక్కన పెట్టండి. ఇంజన్ ఆపి, తాళం తీసేసి, ఒక పది నిమిషాలు ఆగండి, లోపలి కంప్యూటర్లు నిద్రపోవాలి. చాలా బళ్లకి పది నంబర్ పానా సరిపోతుంది. నట్టు లూజ్ చేసి క్లాంప్‌ని అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి, స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదన్నకండి, పోస్టు (క్లాంప్ బిగించే సీసం కొస) కదిలితే బ్యాటరీ పోయినట్టే. అందరూ మర్చిపోయేది ఆ తర్వాతి పని: మైనస్ వైరు మందంగా ఉంటుంది, వదిలేస్తే మెల్లగా పాత చోటికే వంగి పోస్టుని తాకుతుంది. పొడిగుడ్డ చుట్టి, దూరంగా వంచి, జిప్ టైతో కట్టేయండి.

సైనిక్‌పురి అంకుల్:
వాచ్‌మన్‌కి తాళం ఇచ్చే మాట మర్చిపో బాబూ. ఐదు నిమిషాలు ఐడిల్‌లో పెడితే సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిన చార్జే సరిగ్గా తిరిగి రాదు. పైగా సెల్లార్‌లో ఆ పొగ. బండి ఊరికే ఉన్నా అలారం, గడియారం, రిమోట్ రిసీవర్ కలిసి ఓ 30 మిల్లీ ఆంపియర్లు లాగుతాయనుకో, నెలకి 21 ఆంపియర్ అవర్ పైనే ఖర్చు. నీ బ్యాటరీయే 35. డాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌లో ఉంటే నెల కూడా ఆగదు. వైరు తీసే ముందు మీటర్ పెట్టి చూడు, 12.6 వోల్టుల దగ్గర ఉంటే ఫుల్, 12.2 అంటే సగమే. సగం చార్జ్‌తో వదిలేస్తే లోపల ప్లేట్లకి సల్ఫేట్ పట్టి గట్టిపడిపోతుంది, తీసేసినా లాభం లేదు. వెళ్లే ముందు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక రౌండ్ కొట్టి రా, లేదా బ్యాటరీ షాపులో చార్జింగ్ పెట్టించు.

నిజాంపేట్‌వాలా:
థ్యాంక్స్ అంకుల్, పానా గారూ. మైనస్ మీద బిగించే తిప్పుడు స్విచ్ ఒకటి రాణీగంజ్‌లో దొరుకుతుందట, అది పెట్టిస్తే ప్రతిసారీ పానా తీయక్కర్లేదు కదా?

పది నంబర్ పానా:
పెట్టించుకోవచ్చు, కానీ సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటంతా దానిలోంచే పోతుంది, నాసిరకం కొంటే అది వేడెక్కి, సెల్ఫ్ తిరగక, బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొంటారు. నాలుగు నెలలకొకసారి అవసరమయ్యేదానికి నేనైతే పెట్టను. ఆటో స్టార్ట్ స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్టవడం) ఉన్న బండైతే మైనస్ క్లాంప్ మీదే చిన్న సెన్సర్ ఉంటుంది, అలాంటివాళ్లు అసలు ఈ స్విచ్ జోలికి పోకండి.

మియాపూర్ మైలేజ్:
అన్నా, తాళం సంగతి ఎవరూ చెప్పలేదు. వైరు తీశాక రిమోట్ పనిచేయదు. ముందే అద్దాలు మూసి, డిక్కీ వేసి, మిగతా డోర్లు లోపలి నుంచి లాక్ చేసి, అప్పుడు వైరు తీసి, బానెట్ మూసి, డ్రైవర్ డోర్ మామూలు తాళంతో వేయాలి. కీలెస్ బండైతే రిమోట్ లోపలే చిన్న ఇనుప తాళం దాగి ఉంటుంది. ఆ తాళం ఆ కన్నంలో తిరుగుతుందో లేదో ఇవాళే చూసుకోండి, జర బిగుసుకుపోయి ఉంటాయి. వచ్చి బిగించాక గడియారం పెట్టుకోవాలి, అద్దాల ఆటో మోడ్ మళ్లీ నేర్పించాల్సి రావచ్చు, అంతే.

సైనిక్‌పురి అంకుల్:
ఇంకోటి. సెప్టెంబర్‌లో వెళ్తున్నావు, అక్టోబర్ వానలు ఇంకా ఉంటాయి. 2020లో ఎన్ని సెల్లార్లు నిండాయో మన ఊరికి తెలుసు. వైరు తీసినంత మాత్రాన నీళ్లలో బండి బాగుండదు. మీ అసోసియేషన్ వాళ్లని అడిగి పైన ఎక్కడైనా చోటు చూసుకో, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచకు, గేర్‌లో పెట్టి టైర్ కింద ఇటుక పెట్టు.