శోధయిత్వానా, ఛేదయిత్వానా?

హన్మకొండ పంతులు: సుశ్రుతం, అదే సుశ్రుతుని పాత శస్త్రవైద్య గ్రంథం, శారీరస్థానం ఐదో అధ్యాయం చివర్ల "...యిత్వా మృతం సమ్యక్" అని వస్తది, అంటే శవాన్ని మంచిగ ఏదో చేసి అని. ముందున్నది నా నాలుకకు "ఛేద", అంటే కోసి, అనే వస్తున్నది. గణాలు రెంటికీ సరిపోతయి కాబట్టి ఛందస్సు సాయం చేస్తలేదు.

ములుగు రోడ్డు: శోధయిత్వా, సార్. పై పాదం "తస్మాన్నిఃసంశయం జ్ఞానం". అండ్ల మీకు సంశయమా!

పంతులు: కొయ్యకుండ ఏం శోధిస్తరయ్యా?

డాక్టరమ్మ: ఆ శోధన వెతకడం కాదండీ, శుద్ధి చేయడం. శోధించిన పాదరసం అంటామే, అది. శవానికి గడ్డి చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీళ్లలో ఏడు రాత్రులు నాననిచ్చి, వట్టివేరు, వెంట్రుకలు, వెదురు, బల్వజాల్లో ఏదో ఒకదానితో కట్టిన కుంచెతో మెల్లగా రుద్దుతూ పొర తర్వాత పొర చూడమన్నాడు. మేమైతే గడ్డం కింద మొదలుపెట్టి, బొడ్డు పక్కకు తప్పించి, పొత్తికడుపు దాకా ఒకటే గాటు పెడతాం. అయినా ఆయనది శరీరం నేర్చుకునే చదువు. జబ్బు ఏ అవయవంలో కూర్చుందో శవాల్లో వెతికి పుస్తకం వేసింది ఇటలీ మోర్గాన్యి, 1761లో.

కోర్టు బెంచి: మరి శవ పంచనామా? మనిషి పంచత్వం పొందిండు, దానికి నామా. నా లెక్క ఇదే.

ములుగు రోడ్డు: అన్నా, వీలునామా, రాజీనామా పక్కన పెట్టి చూడు. నామా పార్సీ కాగితం, పంచ్ అంటే పెద్దమనుషులు. పంచభూతాలను ఠాణాకు పిలువకు.

కోర్టు బెంచి: సరే. కానీ పంచనామాను, పోస్టుమార్టంను ఒకటి చేయకుండ్రి. మొదటిది పోలీసులది, 2024 జులై దాకా సీఆర్పీసీ అనే పాత చట్టంల 174వ సెక్షన్, ఇప్పుడు దాని బదులొచ్చిన బీఎన్ఎస్ఎస్ల 194. రెండోది డాక్టరుది.

పరకాల పిల్ల: మా ఊళ్లె ఈ రెండు మాటలూ లేవు, "కోసిన్రా, ఇంక కొయ్యలేదా" అంతే. పలుకుబడుల భాష కోసం కొట్లాడిన కాళోజీ వింటే సంబురపడేటోడు. 2002ల ఆయన దేహాన్ని గూడ కాకతీయ మెడికల్ కాలేజీకే ఇచ్చిన్రు.

డాక్టరమ్మ: అది అనాటమీ, అంటే శరీర నిర్మాణం చదివే వాళ్లకమ్మా. అక్కడ చావుకు కారణం వెతకరు.

ములుగు రోడ్డు: అంటే కాళోజీది సుశ్రుతుని దారే!

పంతులు: కాళోజీ సంగతి మస్తు చెప్పొచ్చు గానీ, నా "ఛే" ఇంక పోలేదు. మా నాయన రాతప్రతిల చూసినంకనే ఒప్పుకుంట. అంతదాక, ఆ బల్వజమంటే ఏ గడ్డి?

ములుగు రోడ్డు: దర్భే.

పంతులు: దర్భ కాదు.