రిమోట్ స్టార్టర్‌కి డోర్ లాక్ వైర్లు ఎలా కలపాలి?

అందరికీ నమస్తే. మిషిగన్‌లో ఉంటాను. పొద్దున్నే గడ్డకట్టిన సీట్లో కూర్చోలేక మా పాత కారుకి రిమోట్ స్టార్టర్ నేనే బిగించాను. ఇంజిన్ బాగానే స్టార్టవుతోంది, చిక్కంతా డోర్ లాకులతోనే.

స్టార్టర్ యూనిట్ లాకులకి ఇచ్చేది చిన్న నెగటివ్ పల్స్, అంటే వైరుని క్షణంపాటు గ్రౌండ్‌కి (బ్యాటరీ మైనస్ వైపుకి) కలుపుతుంది. డ్రైవర్ స్విచ్ దగ్గర లాక్ వైరుకి మీటర్ పెడితే మామూలప్పుడు గ్రౌండ్, నొక్కితే 12 వోల్టులు చూపిస్తోంది. అన్‌లాక్ వైరూ అంతే. అంటే రివర్స్ పొలారిటీయే (రెండు వైర్లలో ప్లస్, గ్రౌండ్ తారుమారు చేసి లాక్ మోటారుని అటూ ఇటూ తిప్పే పద్ధతి) కదా?

అలాగైతే రెండు రిలేలు (చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) పెట్టి, ఒక్కో వైరునీ తెంచి, రిలే పిన్నుల్లో 30 మోటారు వైపు, 87ఏ స్విచ్ వైపు, 87కి ఫ్యూజుతో 12 వోల్టులు ఇద్దామనుకుంటున్నాను. తెంచాక తప్పని తేలితే ఇంట్లో నాకు మూడినట్టే! ఫ్యూజు 15 ఆంపియర్లు చాలా, 20 కావాలా? ఈ వైర్లు డోర్ విప్పకుండా కిక్ ప్యానెల్ (డ్రైవర్ కాళ్ల పక్కనుండే ప్యానెల్) దగ్గర దొరుకుతాయా? చేసినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.