బీపీ, షుగరు రోగుల గురించి కలెక్టరుకు ఇచ్చే అర్జీలో ఏమి అడగాలి?

ప్రశ్న: కాశీనగరం యువకుడు

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగరం బ్లాకులో ఒక తెలుగు ఊరు. మా వైపు అప్పుడప్పుడు వైద్య శిబిరం పెడతారు. చేతికి పట్టీ కట్టి బీపీ చూస్తారు, కార్డు మీద అంకె వేస్తారు, అట్టలోంచి పది బిళ్లలు కత్తిరించి చేతిలో పెట్టి వెళ్లిపోతారు. మా పెద్దమ్మ కార్డులో మొదటి గడిలో 170/100 అని రాసి ఉంది, దాని కింది గడులన్నీ ఖాళీయే. ఇచ్చిన బిళ్లలు అయిపోయాక ఆమె సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్లి కొనుక్కుంటుంది. చేతిలో డబ్బు ఆడని నెలలో రోజు విడిచి రోజు వేసుకుంటుంది. ఆమెలాంటివారు మా వీధిలోనే చాలామంది ఉన్నారు.

కలెక్టరు గారి గ్రీవెన్సులో అర్జీ ఇవ్వాలని మా యువజన సంఘం నిర్ణయించింది. పెద్ద ఆసుపత్రి కావాలని అడుగుదామని కొందరు, నెలనెలా శిబిరం పెట్టమందామని కొందరు అంటున్నారు. అధికారులు కాదనలేనిది, ఇచ్చారో లేదో తర్వాత మేమే సరిచూసుకోగలిగినది ఏమి అడగాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: గుణుపురం, విశ్రాంత ఫార్మసిస్టు

బాబూ, శిబిరం మాత్రం అడగకండి. శిబిరంలో ఎంతమందిని పరీక్షించారన్న లెక్క పైకి వెళుతుంది. అలా బయటపడిన రోగుల్లో ఎంతమందికి ఆరు నెలల తర్వాత బీపీ అదుపులో ఉందన్న లెక్క ఎవరూ అడగరు. మీ అర్జీ ఆ రెండో లెక్క చుట్టూ ఉండాలి. బీపీ నొప్పి పెట్టే జబ్బు కాదు కనుక బిళ్ల దొరకని వారం మనిషికి ఏమీ తెలియదు, పక్షవాతం వచ్చిన రోజునే తెలుస్తుంది.

మందు ఎందుకు అయిపోతుందో కూడా మీరు అర్థం చేసుకోవాలి. ఆసుపత్రి పెట్టే ఇండెంటు, అంటే ఇన్ని మందులు పంపండని పైకి రాసే పట్టీ, సాధారణంగా అంతకు ముందు జరిగిన ఖర్చును బట్టి తయారవుతుంది. మూడు నెలలు స్టాకు లేకపోతే ఆ మూడు నెలల ఖర్చు సున్నా అని నమోదవుతుంది, దాంతో తరువాతి ఇండెంటు ఇంకా తగ్గుతుంది. మీ పెద్దమ్మ గారు పాతపట్నంలో కొన్న ప్రతి అట్టా ఇక్కడి రిజిస్టరులో అవసరం లేనట్టే కనబడుతుంది. ఈ వలయం తెగాలంటే ఖర్చును బట్టి కాకుండా, ఊరివారీగా పేర్లు రాసిన రోగుల సంఖ్యను బట్టి ఇండెంటు పెట్టాలని లిఖితపూర్వకంగా అడగండి. నా ఉద్యోగ జీవితంలో నేను చూసినంతలో మందుల కొరతకు డబ్బు లేకపోవడం కన్నా ఈ లెక్క తప్పడమే ఎక్కువసార్లు కారణం.

ఇది కొత్త కోరిక కూడా కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులిచ్చే నిరామయ పథకం ఒడిశాలో 2015 నుంచి ఉంది. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి విడతలో తెలంగాణ, మహారాష్ట్రలు కూడా ఉన్నాయి. అక్కడ చేసినది చాలా సాదా పని: ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, క్లోర్తాలిడోన్ వంటి కొద్దిపాటి మందులతో అందరికీ ఒకే చికిత్సా క్రమం పెట్టారు, ఒకేసారి నెలకు సరిపడా బిళ్లలిచ్చారు, రానివారికి కబురు పెట్టారు, నమోదైన వారిలో బీపీ 140/90 కంటే తక్కువకు వచ్చినవారు ఎందరో మూడు నెలలకోసారి లెక్క తీశారు. కేంద్రం 2023 మేలో 7.5 కోట్ల మంది బీపీ, షుగరు రోగులను 2025 నాటికి ప్రామాణిక చికిత్స కిందికి తెస్తామని లక్ష్యం ప్రకటించింది. ఆ లక్ష్యంలో మీ బ్లాకు వాటా ఎంత, అందులో నేటికీ బిళ్లలు తీసుకుంటున్నవారు ఎంతమంది అని సమాచార హక్కు చట్టం కింద ముందుగా ఒక దరఖాస్తు పెట్టండి. ఆ జవాబును జతచేసిన అర్జీని పక్కన పడేయడం అంత సులభం కాదు.

జవాబు 2: బరంపురం నుంచి ఒక నర్సు

పైన పెద్దవారు చెప్పినదంతా నిజం. నేను రెండు మాటలు చేరుస్తాను. మొదటిది, అర్జీలో ఆశా కార్యకర్త మీద ఫిర్యాదు రాయకండి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరి వివరాలు రాసి పరీక్షకు పంపే పని ఆమె చేతుల్లో ఉంది, కానీ మందు ఆమె చేతుల్లో లేదు. సబ్‌సెంటర్‌లో బిళ్లలు లేనప్పుడు ఊరివాళ్లందరి మాటలూ పడేది ఆమే. ఆమెను మీ వైపు నిలబెట్టుకుంటే ఏ ఇంట్లో ఎవరు మందు మానేశారో మీకు చెప్పగలిగేదీ ఆమే.

రెండవది, జాతీయ కార్యక్రమం కింద ఆ ముప్పై దాటినవారికి బీపీ, షుగరుతో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష కూడా జరగాలి. మన వైపు గుడాకుతో (పొగాకు ముద్దతో) పళ్లు తోముకునే ఆడవాళ్లు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. అంగిలి మీద మచ్చ పడినా నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. టార్చి వేసి నోరు చూడడానికి రెండు నిమిషాలు చాలు. అయినా ఫారంలో నోటి పరీక్ష గడి ఎక్కువగా నోరు చూడకుండానే నిండిపోతుంది. నోరు తెరిపించి చూడమని అర్జీలో విడిగా రాయండి.

అర్జీ ఒడియాలో ఉండాలి, కింద గావ్ కల్యాణ్ సమితి (ఊరి ఆరోగ్యం, పారిశుద్ధ్యం చూసే గ్రామ కమిటీ) తీర్మానం జతచేయాలి. మందు కవరు మీద ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో రాసి ఇవ్వమని కూడా అడగండి. ఒడియా చదవలేని మన పెద్దవాళ్లు బిళ్ల రంగును బట్టి వేసుకుంటారు, కంపెనీ మారి రంగు మారితే పొరపాటు జరుగుతుంది.

జవాబు 3: రాయగడ

ఒక్క విషయంలో నాకు తృప్తి కలగడం లేదు. బిళ్లలు దొరికితే చాలనుకుంటే మూత్రపిండాల సంగతి ఎవరు చూస్తారు? బీపీ, షుగరు అదుపు తప్పితే ముందుగా దెబ్బతినే వాటిలో అవి ఉంటాయి, దెబ్బతిన్న చాలాకాలం వరకు మనిషికి తెలియదు. సరిహద్దుకు అవతల శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లను పట్టి పీడించింది. దాని కారణం వేరు కావచ్చు, నేటికీ ఇదమిత్థంగా తేలలేదు. అయినా పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యేసరికి 2023 డిసెంబరు వచ్చింది. అప్పటికి ఎన్ని ఇళ్లు గుల్లయ్యాయో ఆ ఊళ్లవారినే అడగాలి. డయాలిసిస్ దాకా వెళ్లినవారు వారానికి రెండు మూడు సార్లు మంచం ఎక్కాలి, తోడు వెళ్లేవారి కూలీ కూడా పోతుంది. అందువల్ల నమోదైన ప్రతి రోగికీ ఏడాదికోసారి కిడ్నీల పనితీరు తెలిపే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష ఉచితంగా చేయాలని మీ అర్జీలో తప్పక చేర్చండి.

జవాబు 4: గుణుపురం, విశ్రాంత ఫార్మసిస్టు

రాయగడ వారి మాట ఒప్పుకుంటున్నాను. అయితే పది కోరికలున్న అర్జీకి జవాబుగా శిబిరమే వస్తుంది. ముందు బిళ్లలు, పేర్ల రిజిస్టరు, దాని వెంటనే ఈ కిడ్నీ పరీక్ష, నోటి పరీక్ష అన్న వరుసలో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పెద్ద ఆసుపత్రి మాట తీసివేశాం. అర్జీలో మొదటి వాక్యం ఇలా రాసుకున్నాం: “మా పంచాయతీలో బీపీ, షుగరు ఉన్న ప్రతి ఒక్కరి పేరు సబ్‌సెంటర్ రిజిస్టరులో రాసి, ఆ సంఖ్యను బట్టి మందులు తెప్పించి, ఒక్కొక్కరికి ఒకేసారి ముప్పై రోజుల బిళ్లలు ఇవ్వాలి, ఎంతమందికి అదుపులో ఉన్నదీ మూడు నెలలకోసారి పంచాయతీ ఆఫీసు గోడ మీద అతికించాలి.” ఆశా అక్కతో కలిసి ఈ ఆదివారం నుంచే ఇంటింటికీ తిరిగి పేర్లు రాస్తాం. ఒడియాలో చక్కగా రాసి పెట్టగలిగినవారు పర్లాకిమిడి చుట్టుపక్కల ఎవరైనా ఉంటే దయచేసి ఇక్కడే తెలియజేయండి.