పాత మజిల్ కారుకు కార్బురేటరా, ఇంజెక్షనా?

మేకలకాపరి (నోవీ, మిషిగన్) – ఆగస్టు చివరి వారం

నా దగ్గర 1967 పాంటియాక్ జీటీఓ ఉంది, పెద్ద ఇంజన్ పెట్టిన అమెరికన్ మజిల్ కారు. ఇక్కడివాళ్లు దాన్ని ముద్దుగా ‘గోట్’ అంటారు, అంటే మేక. ఈ చర్చావేదికలో నా పేరు వెనక కథ అంతే. 400 ఘనపుటంగుళాల వీ8 ఇంజన్, అంటే సుమారు 6.6 లీటర్లు, 335 హార్స్‌పవర్, మీద గాలినీ పెట్రోలునూ కలిపి పంపే కార్బురేటర్: నాలుగు బ్యారెళ్ల (గాలి పోయే గొంతుల) రాచెస్టర్ క్వాడ్రాజెట్.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే లేస్తుంది. గంటసేపు నడిపి, బంకులో ఆపి, పదిహేను నిమిషాల తర్వాత తాళం తిప్పితే మాత్రం బ్యాటరీ నీరసించేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఈ నెలలో డెట్రాయిట్ దగ్గర పాత కార్లు ఊరేగే వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కు తీసుకెళ్లాను. వేల కార్ల మధ్య నత్తనడక. నా మేక అక్కడే మొరాయించింది. ముక్కూ మొహం తెలియని ఇద్దరు పెద్దమనుషులు పక్కకు తోశారు. గ్యారేజిలో పెట్రోలు వాసన సరేసరి. “ఇంట్లో బంకు పెట్టావా నాయనా?” అని మా అత్తగారు అడిగారు.

నాకు అర్థం కానిది ఒకటుంది. ఈ రోగం జులైలో కన్నా ఏప్రిల్‌లో ఎక్కువగా కనిపించింది.

దగ్గర్లోని షాపువాళ్లు కార్బురేటర్ పీకేసి థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ (అదే చోట కూర్చుని, కంప్యూటర్ చెప్పినంత పెట్రోలు చిమ్మేది) పెడతామన్నారు. ట్యాంకు, పంపు, పనికూలీ అన్నీ కలిపి మూడు వేల డాలర్లు దాటుతుందట. వచ్చే వేసవిలో పిల్లలతో ఈ కారులోనే కొలరాడో వెళ్లాలని ఆశ. ఏం చేయమంటారు?

చోక్ వైరు

వద్దు. 1966 దాకా జీటీఓకు మూడు కార్బురేటర్ల ట్రైపవర్ దొరికేది. 1967కి వచ్చేసరికి కార్వెట్ లాంటి ఒకటి రెండింటికి తప్ప ఒకటికి మించి కార్బురేటర్లు పెట్టవద్దని పాంటియాక్ తల్లి కంపెనీ జనరల్ మోటార్స్ (జీఎం) పై నుంచి ఆదేశం ఇచ్చింది. ఆ లోటు పూడ్చడానికి మీ కారు మీదికి వచ్చినదే క్వాడ్రాజెట్. ముందు రెండు బ్యారెళ్లు చిన్నవి, మామూలుగా నడిపేటప్పుడు పొదుపుగా తాగుతాయి. వెనక రెండూ బావుల్లాంటివి. కాలు పూర్తిగా నొక్కినప్పుడు అవి తెరుచుకునే చప్పుడు మీరు వినే ఉంటారు. దాన్ని పీకి అల్యూమినియం డబ్బా పెడితే మీ దగ్గర మిగిలేది 1967 ఆకారంలో ఉన్న మరో కారు.

ఇంకో మాట. కార్బురేటర్ దారిలో చెడిపోతే స్క్రూడ్రైవర్‌తో ఇంటికి చేరతారు. కంప్యూటర్ చెడిపోతే లారీ మీద చేరతారు.

ల్యాప్‌టాప్ మెకానిక్ (డాలస్)

ఇంజెక్షన్ ఆ కాలానికి పరాయిదన్నట్టు మాట్లాడటం సరికాదు. షెవ్రొలే 1957లోనే కార్వెట్ మీద రాచెస్టర్ రామ్‌జెట్ ఇంజెక్షన్ పెట్టింది. 283 ఘనపుటంగుళాలకు 283 హార్స్‌పవర్, ఘనపుటంగుళానికి ఒకటి అని గొప్పగా ప్రకటించుకుంది. క్వాడ్రాజెట్ పుట్టడానికి చాలా ముందటి సంగతి ఇది. రెండూ రాచెస్టర్ వారివే!

అసలు విషయానికి వస్తాను. కార్బురేటర్‌కు కళ్లు లేవు. ఇరుకు గొంతులోంచి గాలి వేగంగా పోతుంటే అక్కడ పీడనం తగ్గుతుంది, ఆ లాగుడుకు పెట్రోలు చిమ్ముతుంది. గాలి వేడిగా ఉందా, పలచగా ఉందా, పోసిన పెట్రోలులో ఇథనాల్ ఎంత, దానికేమీ తెలియదు. ఇంజెక్షన్‌లో పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు చూస్తుంది, కంప్యూటర్ దిద్దుతుంది. అమెరికా కార్ల రేసుల సంస్థ నాస్‌కార్ పెద్ద పోటీలు కూడా 2011 దాకా కార్బురేటర్‌ను పట్టుకు వేలాడి, 2012లో ఇంజెక్షన్‌కు మారాయి. సంప్రదాయం విషయంలో వాళ్లకన్నా మొండివాళ్లు ఎవరుంటారు?

చోక్ వైరు

1957 కథ సగంలో ఆపేశారు, మిగతా సగం నేను చెబుతాను. ఆ ఇంజెక్షన్‌ను సర్దడం ఊళ్లలో మెకానిక్కులకు చేతకాక, కొన్నవాళ్లలో చాలామంది విప్పేసి కార్బురేటర్ పెట్టుకున్నారు. క్రైస్లర్ 1958లో కొద్ది కార్లకు ఎలక్ట్రోజెక్టర్ అని ఎలక్ట్రానిక్ ఇంజెక్షనే పెట్టింది. వాటిలో ఎక్కువ భాగం వెనక్కి వచ్చి కార్బురేటర్లు తగిలించుకుని వెళ్లాయి. చివరికి 1965 కార్వెట్ చూడండి: 375 హార్స్‌పవర్ ఇంజెక్షన్ ఇంజన్‌కు అదనంగా 538 డాలర్లు, హోలీ కంపెనీ కార్బురేటర్ పెట్టిన 396 ఘనపుటంగుళాల ఇంజన్‌కు 425 హార్స్‌పవర్, అదనంగా 293 డాలర్లు. జనం దేన్ని కొన్నారో చెప్పాలా? ఆ ఏడాదితో రామ్‌జెట్‌కు నూకలు చెల్లాయి.

ల్యాప్‌టాప్ మెకానిక్

1965 ధరలతో నేటి కారును బాగుచేస్తారా?

ఆటోనగర్ (విజయవాడ)

నేను ఇలాంటి కారును ఫొటోలోనే చూశాను. అయినా మా నాన్నగారు ముప్పై ఏళ్లు ఇక్కడ కార్బురేటర్లు విప్పి బిగించారు, అందుకని నోరు విప్పుతున్నాను. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక స్ప్లెండర్ కూడా ఇంజెక్షన్‌కు మారింది. అంతకుముందు ‘కొంచెం ట్యూనింగ్ చూడండి’ అంటూ వారానికి పది బండ్లు వచ్చేవి. కొత్త బండ్లు ఆ పని మీద రావు. వ్యాపారిగా నాకు బాధే కానీ, బండి ఉన్నవాడికి అది లాభమని ఒప్పుకోవాలి.

మేకలకాపరి గారూ, మీరు చెప్పిన రోగం మాత్రం మాకు బాగా తెలుసు. ఎండాకాలం అంబాసిడర్ నడిరోడ్డు మీద ఆగితే నాన్నగారు కార్బురేటర్ జోలికి పోయేవారు కాదు. వేడికి లోపలి పెట్రోలు ఆవిరైన పంపు మీద తడిగుడ్డ వేసి టీ తాగడానికి వెళ్లేవారు. టీ అయ్యేసరికి కారు లేచేది. మీకు ముందు కావలసింది ఆ తడిగుడ్డ. మూడు వేల డాలర్ల మాట తర్వాత.

ఆరో పిస్టన్

ఈ వరుసలో ఇప్పటిదాకా వచ్చిన పనికొచ్చే మాట తడిగుడ్డ. మిగతావాళ్లు మన్నించాలి.

ఏప్రిల్ సంగతి ముందు తేలుస్తాను. అమెరికాలో చలికాలం పెట్రోలు, వేసవి పెట్రోలు వేరు. చలిలో ఇంజన్ సులువుగా లేవడానికి చలికాలపు పెట్రోలును త్వరగా ఆవిరయ్యేలా కలుపుతారు. ఏప్రిల్‌లో ఒక్కసారిగా ఎండ కాస్తుంది, బంకులోనూ మీ ట్యాంకులోనూ ఇంకా ఆ చలికాలపు సరుకే ఉంటుంది. ఇంజన్ ఆపగానే ఫ్యాను తిరగదు, నీళ్లు తిరగవు, కింది వేడంతా కార్బురేటర్‌లోకి ఎక్కుతుంది. కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే గిన్నెలో అది కుతకుత ఉడికి గొంతుల్లోంచి మ్యానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకు పంచే గొట్టాల్లోకి) కారుతుంది. ఇంజన్ పెట్రోలులో మునిగిపోతుంది, గిన్నె ఖాళీ అవుతుంది. 1967లో పెట్రోలులో పది శాతం ఇథనాల్ లేదు. ఈ ఉడుకు అప్పుడు ఇంతగా ఉండేది కాదు.

పరీక్ష సులువు. వేడిగా ఉన్నప్పుడు ఆపి, పది నిమిషాల తర్వాత ఎయిర్ క్లీనర్ తీసి టార్చి వేసి లోపలికి చూడండి. సిగరెట్టు ఉన్నవాళ్లను దూరంగా పంపండి. పెట్రోలు బొట్లు కారుతుంటే ఉడుకే. కారకుండా, లింకేజి (యాక్సిలరేటర్ కడ్డీ) కదిపినప్పుడు యాక్సిలరేటర్ పంపు నుంచి ధార కూడా రాకపోతే గిన్నె ఎండిపోయింది. క్వాడ్రాజెట్‌లో ఇంకో జబ్బు కూడా ఉంది: వయసు మీద పడితే గిన్నె అడుగున ఉండే చిన్న బిరడాలు కారతాయి. విప్పి ఎపాక్సీ పూస్తే పోతుంది.

ఇక వైద్యం. కార్బురేటర్ కింద మందపాటి వేడి నిరోధక గ్యాస్కెట్ పెట్టండి. ఇంటేక్ మ్యానిఫోల్డ్ మధ్యలోంచి ఎగ్జాస్ట్ వేడి పోయే దారి ఒకటుంటుంది. దాన్ని మూసే గ్యాస్కెట్లు దొరుకుతాయి. పెట్రోలు గొట్టం ఎగ్జాస్ట్‌కు ఎంత దగ్గరగా పోతోందో చూడండి. అన్నీ కలిపి వంద డాలర్లు, ఒక ఆదివారం.

షాపువాళ్లు చెప్పని విషయం కూడా ఒకటి. కార్బురేటర్‌కు ఆరేడు పీఎస్‌ఐ ఒత్తిడి చాలు, ఈ ఇంజెక్షన్ కిట్లకు 43 నుంచి 58 దాకా కావాలి. పంపును ట్యాంకు లోపల పెట్టకుండా ఛాసిస్‌కు బయట బిగించారా, అది రొద పెడుతుంది, వేడెక్కి మళ్లీ అదే ఆవిరి తిప్పలు. పైగా థ్రాటిల్ బాడీ కూడా పెట్రోలును పాత మ్యానిఫోల్డ్ నెత్తినే పోస్తుంది. ఎనిమిది సిలిండర్లకు సమంగా పంచాలంటే సిలిండర్‌కొక ఇంజెక్టర్ పెట్టాలి. అది ఇంకో ఖర్చు.

మైలెత్తు (డెన్వర్)

కొలరాడో అన్నారు కాబట్టి నేను మాట్లాడాలి. మా ఊరు 1,609 మీటర్ల ఎత్తులో ఉంది. సముద్రమట్టంతో పోలిస్తే గాలి ఆరో వంతు పలచన. రాకీ మౌంటెన్ పార్కులో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 3,713 మీటర్లు ఎక్కుతుంది, అక్కడ దాదాపు మూడో వంతు పలచన. మిషిగన్‌లో సర్దిన కార్బురేటర్ అక్కడ గాలికి మించి పెట్రోలు పోసి నల్లపొగ కక్కుతూ ఏడుస్తుంది. జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) మార్చుకోవచ్చు, పిల్లలు వెనక సీట్లో ‘ఆకలి’ అంటుండగా పార్కింగులో మార్చడం వేరే అనుభవం.

నా 1970 షెవ్రొలే షెవెల్‌కు ఇంజెక్షన్ పెట్టించాను. ఇప్పుడు కొండ ఎక్కినట్టే తెలియదు. కానీ అక్కడిదాకా రావడానికి ఆరు వారాలు పట్టింది. ‘తనంతట తానే నేర్చుకుంటుంది’ అని డబ్బా మీద రాసి ఉంది. నా ఇంజన్‌లో రేసు క్యామ్ (కవాటాలను ఎక్కువసేపు తెరిచి ఉంచేది) ఉంది. ఐడిల్‌లో (కారు కదలకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు) సరిగా కాలని ఆక్సిజన్ కూడా పొగగొట్టంలోకి పోతుంది. సెన్సరు చూసేది ఆక్సిజన్‌నే కదా, ‘పెట్రోలు చాలడం లేదు’ అనుకుని ఇంకా పోసింది. అది నేర్చుకున్నది తప్పు పాఠం! రెండు సెట్ల ప్లగ్గులు మసిపట్టాయి. తర్వాత ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. కంప్యూటర్ వైరును బిగించినవాళ్లు ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ వైరు పక్కనుంచే లాగారు, ఆ విద్యుత్ రొదకు అది బెదిరింది.

ల్యాప్‌టాప్ మెకానిక్

అది బిగింపు తప్పు, ఇంజెక్షన్ తప్పు కాదు. కరెంటు, గ్రౌండు నేరుగా బ్యాటరీ నుంచే తీసుకోవాలి. రెసిస్టర్ ఉన్న ప్లగ్ వైర్లు వాడాలి. ఆ కాలపు జీఎం కార్లకు చాలావాటికి 37 ఆంపియర్ల ఆల్టర్నేటరే ఉండేది. దాని మీద పంపు, కంప్యూటర్, ఎలక్ట్రిక్ ఫ్యాను అన్నీ మోపితే రాత్రిపూట హెడ్‌లైట్లు గుడ్డి దీపాలవుతాయి. అది మార్చాలి.

మామూలు క్యామ్ ఉన్న జీటీఓకు మైలెత్తు గారి తిప్పలు రావని మాత్రం గట్టిగా చెప్పగలను.

చోక్ వైరు

ట్యాంకు మార్చాలి, పంపు మార్చాలి, వైర్లు మార్చాలి, ఆల్టర్నేటర్ మార్చాలి. ఇంజన్ ఒక్కటి ఉంచుతారా?

మేకలకాపరి – సెప్టెంబరు మూడో వారం

అందరికీ నమస్కారం. టార్చి పరీక్ష చేశాను. కారుతోంది, కళ్లారా చూశాను. విప్పితే గిన్నె అడుగు కూడా తడిగా ఉంది. యాభై ఏళ్లు దాటిన వస్తువు, ఏమనగలను. ఎపాక్సీ పూశాను, మందపాటి గ్యాస్కెట్ పెట్టాను, ఎగ్జాస్ట్ దారి మూశాను, గొట్టాన్ని నాలుగు అంగుళాలు పక్కకు జరిపాను. ఖర్చు 94 డాలర్లు, రెండు శని, ఆదివారాలు, ఒక తెగిన బోల్టు. నిన్న బంకులో కావాలనే ఇరవై నిమిషాలు ఆపి చూశాను. రెండు సెకన్లలో లేచింది. గ్యారేజిలో వాసన లేదు, అత్తగారు ధ్రువీకరించారు.

చోక్ వైరు

శుభం.

మేకలకాపరి – అక్టోబరు రెండో వారం

శుభం తొందరపడి పలికారు. ఈ వారం పొద్దున నాలుగు డిగ్రీలు. ఇంజన్ లేస్తోంది కానీ పదిహేను నిమిషాలు దగ్గుతూ, గేరులో వేయగానే ఆగిపోతోంది. చోక్ (చలిలో గాలిని అడ్డుకుని పెట్రోలు పాలు పెంచే రేకు తలుపు) ఎంతకీ తెరుచుకోవడం లేదు.

ఆరో పిస్టన్

తప్పు నాది, ముందే చెప్పాల్సింది. మీ చోక్‌ను తెరిచే స్ప్రింగు మ్యానిఫోల్డ్ మీద, మనం మూసిన ఆ ఎగ్జాస్ట్ దారి వేడితోనే పనిచేస్తుంది. వేడి ఆగింది, చోక్ నిద్రపోయింది. గొంతుల్లో పెట్రోలు ఆవిరి కావడానికి కూడా చలికాలంలో ఆ వేడి కావాలి. 1967 ఇంజనీర్లు దాన్ని ఊరికే పెట్టలేదు.

ల్యాప్‌టాప్ మెకానిక్

ఎండకో సర్దుబాటు, చలికో సర్దుబాటు, కొండకో సర్దుబాటు. నేను మొదట చెప్పింది ఇదే.

చోక్ వైరు

కంగారు అక్కరలేదు. ఎలక్ట్రిక్ చోక్ పెట్టించుకోండి, యాభై అరవై డాలర్లలో అయిపోతుంది.

ల్యాప్‌టాప్ మెకానిక్

ఏమిటీ, ఎలక్ట్రిక్కా? మీరేనా ఈ మాట అంటున్నది?

చోక్ వైరు

ఒక్క తీగ, పన్నెండు వోల్టులు. అది పాఠాలు నేర్చుకోదు, తప్పు పాఠాలు అసలే నేర్చుకోదు.

ఆటోనగర్ (విజయవాడ)

దారిని ఒక పక్క మాత్రమే మూసి, రెండో పక్క వదిలేస్తే? సగం వేడి వస్తుంది కదా.

ఆరో పిస్టన్

అలా చేసేవాళ్లు ఉన్నారు. ఎలక్ట్రిక్ చోక్ కన్నా ముందు అదే చూడండి.

మేకలకాపరి – అక్టోబరు చివర

ఒక పక్క తెరిచాను. రెండు డిగ్రీల చలిలో ఐదు నిమిషాలకు చోక్ తెరుచుకుంది. వేడిలో ఎలా ఉంటుందో ఏప్రిల్ దాకా తెలియదు. ఈలోగా ఇంజెక్షన్ డబ్బు అలాగే ఉంచాను, ఇంట్లో మాత్రం చెప్పలేదు. కొలరాడోకు ఇదే కారు, ఇదే కార్బురేటర్. మైలెత్తు గారూ, మీ ఊళ్లో క్వాడ్రాజెట్‌కు సన్న జెట్లు దొరుకుతాయా, ఇక్కడి నుంచే తెచ్చుకోవాలా?

మైలెత్తు (డెన్వర్)

నా దగ్గర ఉన్నవి హోలీవి, మీకు సరిపోవు. అక్కడి నుంచే తెచ్చుకోండి. జెట్లతోపాటు మీటరింగ్ రాడ్లు (జెట్ల రంధ్రాల్లో ఆడే సన్న కడ్డీలు) మరవకండి. మార్చేది మా గ్యారేజిలో, పిల్లలకు మా ఇంట్లో భోజనం.