‘ప్రభుత్వం’ అంటే దొరతనమేనా?

ప్రశ్న (మదనపల్లె నుంచి): పెత్తనం, పాలన, అధికారం, ప్రభుత్వం. ఈ నాలుగూ పర్యాయపదాలని మా పాపకి బళ్లో చెప్పినారంట. నాకు మనసొప్పలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (తిరుపతి నుంచి): మీ మనసే కరెక్టు అన్నా. ఒక్కో మాట ఒక్కో చోట పుట్టింది. నన్నడిగితే, ఎదుటివాళ్ల మీద బలం ఎట్లా వస్తుందో ఒక్కో మాటా ఒక్కో కారణం చెప్తుంది.

పెత్తనం మన ఇంటి మాట. పెద్ద, తనం కలిసి పెత్తనమయింది. మా అబ్బ పోయినాక బీగాల గుత్తి మా జేజి నడుముకి చేరింది. వడ్ల గాదె, ఊరగాయల గది, పత్రాలుండే పెట్టె, అన్నీ ఆ గుత్తిలోనే. ‘పెత్తనం జేజిది’ అనేవాళ్లు ఊర్లో. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ గుత్తి మా పెద్దమ్మ కొంగుకి మారింది. ఆ మర్నాడు పొద్దున్నే జేజి వంటింటి గడప దగ్గర నిలబడి ‘అమ్మీ, రోంత బెల్లమీ’ అని అడగడం నేను చూసినా. ఆమె అంతకు ముందు ఎవుర్నీ ఏదీ అడగంగా నేను చూసింది లేదు. రాత్రికి రాత్రి జేజి వయసేమీ తగ్గిపోలేదు కదా. మాటలో పెద్దరికం ఉన్నా, పెత్తనం ఉండింది మాత్రం బీగాల్లోనే.

పాలన సంగతి మన పాత చిత్తూరు జిల్లా వాళ్లు తప్పకుండా తెలుసుకోవాల. పాలించడం సంస్కృతం, కాపాడడం అని అర్థం. పాళెగాడిలో పాళెం దానికి చుట్టం కాదు, అది మన భాషల మాట, దండు దిగిన చోటు. బంగారుపాళ్యం పేరులో ఇప్పటికీ వినపడుతుంది. 1565లో విజయనగరం దెబ్బ తినింది. రాజధాని పెనుకొండకి, తర్వాత చంద్రగిరికి జరిగింది. నడిమిట్లో పట్టు సడలేకొద్దీ పాళెగాళ్లు బలిసినారు. ఊళ్ల నుంచి వాళ్లు తీసుకునే రుసుముకి ‘కావలి’ అని పేరు. ఎవురి నుంచి కావలి? పక్క పాళెగాడి మనుషుల నుంచి. డబ్బు కట్టని ఊరికి ఒక్కోసారి సొంత పాళెగాడి మనుషుల నుంచి కూడా. 1801లో ఆర్కాటు నవాబు చేతిలోంచి మా తిరుపతి వైపు సీమ ఈస్టిండియా కంపెనీకి పోయింది. వాళ్లూ రైతుకి చెప్పింది అదే, మిమ్మల్ని కాపాడతాం, శిస్తు కట్టండని. కాపాడతానని చెప్పకుండా మన నేల మీద ఎవురూ పన్ను వసూలు చేసినట్టు నాకు తెలీదు.

ఇంక ప్రభుత్వం. కంపెనీ కాలపు కాగితాల్లో ‘దొరతనమువారు’ అని కనిపిస్తుంది, సర్కారు అని అర్థం. దొర, తనం. ప్రభు, త్వం. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి, మాటకి మాట సరిపోతుంది. దొర పోయినాడు గానీ తనం సంస్కృతం కట్టుకుని మన దగ్గరే ఉండిపోయింది. 1952 నుంచి ఓట్లేసి ఎన్నుకుంటా ఉన్నాం, అయినా ఎన్నుకున్నదాన్ని ప్రభువుతనం అనే పిలుస్తున్నాం. మా అబ్బ రాసిన పాత అర్జీ నకలు ఒకటి నా దగ్గరుంది. మొదట్లోనే ‘మ.రా.రా.శ్రీ తహసీల్దారు గారి సముఖమునకు’ అని ఉంది. మహారాజ రాజశ్రీ! ఒక తాలూకా ఉద్యోగికి రెండుసార్లు రాజరికం.

కుప్పం నుంచి: మాకు మూడు భాషలూ చెవిన పడతాయి అక్కా. తమిళంలో అరసు అంటారు, అరసన్ అంటే రాజే కదా. కన్నడలో సర్కార, అది పారశీకం నుంచి వచ్చింది. మనల్ని ఒక్కర్నే ఎందుకు అనాల? అదీగాక అధికారం గురించి మీరు చెప్పనేలేదు.

తిరుపతి నుంచి: నిజమే తమ్ముడూ, అరసు మాట ఒప్పుకుంటా. అధికారం గురించి చెప్పాల్సింది చానా ఉందని ఆపినా. సంస్కృత వ్యాకరణ సూత్రాలు రాసిన పాణిని మూడో అధ్యాయం మొదట్లో ‘ప్రత్యయః’ అని ఒక్క మాట పెట్టినాడు. దానికి విడిగా పనేమీ లేదు. అయిదో అధ్యాయం చివరిదాకా వచ్చే సూత్రాలన్నిటి మీదా నిలబడి, ఇక్కడ చెప్పేవన్నీ ప్రత్యయాలేనని చెప్తా ఉంటుంది. వ్యాకరణంలో అధికారమంటే అది. కింద సూత్రాలు లేకుంటే దానికి బతుకు లేదు, హద్దు దాటితే చెల్లుబాటు లేదు. చదువుకునే రోజుల్లో ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అయితే ఇదే మాటకి వేద కర్మల గురించి చర్చించే మీమాంసలో అర్హత అని అర్థం. ‘నీకు అధికారం లేదు’ అని ఎంతోమందిని వందల ఏండ్లు చదువు గడప తొక్కనీయలేదు. అందుకే ఆ మాటని నేను పూర్తిగా మెచ్చుకోలేను.

నాకు నచ్చిన మాట మన కొండ మీదే ఉండింది. 1843లో కంపెనీ తిరుమల గుడి బాధ్యతని హథీరాంజీ మఠం మహంతులకి అప్పజెప్పింది. 1933లో దేవస్థానం కమిటీ వచ్చిందాకా వాళ్లే చూసుకున్నారు. వాళ్ల హోదా పేరు ‘విచారణకర్త’. ప్రభువూ కాదు, అధిపతీ కాదు. విచారించేవాడు, ఏం జరిగిందని అడిగి తెలుసుకునేవాడు. అందరూ పేరుకి తగ్గట్టు నడుచుకున్నారని నేను అనడం లేదు, నడవలేదనే కోర్టుల్లో వ్యాజ్యాలు పడింది. కానీ ఆ పేరు ఉండబట్టే ‘నువ్వు విచారించలేదు’ అని నిలదీయడానికి జనానికి ఒక మాట దొరికింది.

మదనపల్లె నుంచి: ఇప్పుడు ఆ మాట యాడుంది అక్కా?

తిరుపతి నుంచి: అర్జీల్లో ఉంది. పోయిన సోమవారం మా పిన్నమ్మతో ఒక ఆఫీసుకి పోయినా. పాసుపుస్తకంలో ఆమె పేరు తప్పు పడింది. గేటు బయట వేపచెట్టు కింద అర్జీలు రాసే ఆయన దగ్గర పైనా కిందా అచ్చేసిన కాగితాలున్నాయి, నడిమిట్లో ఆయన చేత్తో రాస్తాడు. రాసి చదివి వినిపించినాడు: ‘తమరు దయతలచి విచారించి...’ పిన్నమ్మ ఆపింది. ‘దయెందుకు నాయనా? భూమి నాదే గదా. విచారిస్తే చాలు.’ ఆయన కాసేపు ఆమె మొగం చూసి, ఇంకో కాగితం తీసి మొదట్నుంచీ మళ్లీ రాసినాడు. ఈసారి దయతలచి లేదు. కింద ‘తమ విధేయురాలు’ అనేది అచ్చులోనే ఉండింది. దాని పక్కన పిన్నమ్మ వేలిముద్ర వేసింది.