డ్యాన్స్ క్లాస్ ఫీజులకు ప్యాడ్ పెట్టుకోవచ్చా? (బ్రాంప్టన్, కెనడా)

కూచిపూడి_టీచర్:
నమస్తే అండి. ఇంట్లో బేస్‌మెంట్‌లోనే కూచిపూడి క్లాసులు చెప్తాను. పిల్లకి నెలకు 90 డాలర్లు. ఒకటో తారీకు వచ్చిందంటే వాట్సాప్ గ్రూపులో "దయచేసి ఈ-ట్రాన్స్‌ఫర్ చేయండి" అని అడుక్కోవడం మొదలు. ఒక నెల అమ్మ ఖాతా నుంచి వస్తుంది, ఇంకో నెల నాన్న ఖాతా నుంచి. మెసేజ్‌లో పిల్ల పేరు రాయండి మహాప్రభో అంటే ఒక్కరూ రాయరు. నేను జతులు నేర్పాలా, బాకీలు వసూలు చేయాలా? పక్క వీధిలో కరాటే నేర్పే ఆయన ప్రీ-ఆథరైజ్డ్ డెబిట్ పెట్టుకోమన్నారు, ప్యాడ్ అంటారట. నిజంగా వాళ్ల ఖాతాలోంచి నేనే తీసుకోవచ్చా? డిసెంబరు వార్షికోత్సవానికి డ్రెస్సు, మేకప్ ఖర్చు 250 అవుతుంది, అది కూడా అందులోనే పట్టేసుకోవచ్చా?

చిట్టా_ఆవర్జా (మిస్సిసాగా):
తీసుకోవచ్చు మేడమ్. చిన్న వ్యాపారాల పద్దులు చూడటమే నా పని, ఈ ప్రశ్న నెలకొకరు అడుగుతారు. ఈ-ట్రాన్స్‌ఫర్ వాళ్లు పంపితే వస్తుంది, ప్యాడ్‌లో మీరే లాగుతారు. అందుకే దీనికి పేమెంట్స్ కెనడా (బ్యాంకుల మధ్య చెల్లింపుల వ్యవస్థ నడిపే సంస్థ) వాళ్ల రూల్ హెచ్1 అని గట్టి నిబంధనలున్నాయి. ప్రతి కుటుంబం దగ్గరా ఒప్పందం తీసుకోవాలి. ఎంత, ఏ తారీకున, ఎలా రద్దు చేసుకోవాలి, పొరపాటున లాగితే వాళ్ల హక్కులేమిటి, ఇవన్నీ అందులో ఉండాలి. నమూనాలు పేమెంట్స్ కెనడా సైట్‌లోనే ఉన్నాయి, సొంత కవిత్వం వద్దు. ఖాతా వివరాలకు వాయిడ్ చెక్కు (VOID అని రాసిన, చెల్లని చెక్కు) అడగండి. ట్రాన్సిట్ నంబరు (బ్రాంచి నంబరు) 5 అంకెలు, బ్యాంకు నంబరు 3 అంకెలు, ఆ తర్వాత ఖాతా నంబరు, మూడూ చెక్కు అడుగునే ఉంటాయి. నేరుగా మీ బ్యాంకుతోనూ పెట్టుకోవచ్చు గానీ వాళ్లు మీతో హామీపత్రం రాయించుకుంటారు. మీ క్లాసు సైజుకి ప్రాసెసర్ కంపెనీ (మీ తరఫున డెబిట్లు నడిపే సంస్థ) ద్వారా వెళ్లడమే తేలిక.

మొదటి డెబిట్‌కి కనీసం 10 రోజుల ముందు ఎంత, ఎప్పుడు అన్నది రాతపూర్వకంగా తెలియజేయాలి. ఫీజు 100 చేసినా మళ్లీ అదే నోటీసు. ఇరువైపులా ఒప్పుకుంటే ఆ గడువు తగ్గించుకోవచ్చు, ఒప్పందంలో ఆ ముక్క ఉండాలి.

ఇక డిసెంబరు సంగతి. నెలకు 90 అని సంతకం పెట్టించుకుని 250 లాగితే, ఆ తల్లో తండ్రో 90 రోజుల్లోపు వాళ్ల బ్యాంకుకెళ్లి "ఇది నేను ఒప్పుకున్నది కాదు" అని ఫారం నింపితే చాలు. బ్యాంకు వాళ్లకి డబ్బు తిరిగిచ్చేస్తుంది, మీ దగ్గర్నుంచి రాబడతారు. మీరు డ్రెస్సులు కుట్టించేసి ఉంటారు! అలాంటి అప్పుడప్పుడు వచ్చే ఖర్చుకు ప్రతిసారీ విడిగా అనుమతి కావాలి. దాన్ని ఈ-ట్రాన్స్‌ఫర్‌లోనే ఉంచేయండి.

ఖాతాలో డబ్బు లేక వెనక్కొస్తే 30 రోజుల్లోపు ఇంకొక్కసారి ప్రయత్నించొచ్చు, అదీ అంతే మొత్తానికి. ఆలస్య రుసుమంటూ పైన ఒక్క డాలరు కలపకూడదు.

కొత్తగా_కాల్గరీ:
హైదరాబాద్‌లో యూపీఐ ఆటోపే అయితే 24 గంటల ముందే మెసేజ్ వచ్చేది. ఇక్కడ బ్యాంకు అలా చెప్పదా అన్నా? నాచ్ (ఈఎంఐల్లాంటి వాటికి ఖాతాలోంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యేది) బౌన్సయితే అక్కడ పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కేసు భయం, ఇక్కడ కూడా ఉందా?

చిట్టా_ఆవర్జా:
ముందుగా చెప్పాల్సింది వ్యాపారి, బ్యాంకు కాదు తమ్ముడూ. ఊరికే బౌన్సయినందుకు కేసులేం ఉండవు, బ్యాంకు ఛార్జీ పడుతుంది. ఇదివరకు 45-50 డాలర్లు గుంజేవాళ్లు. పర్సనల్ ఖాతాలకు 2026 మార్చి 12 నుంచి 10 డాలర్లే గరిష్ఠం.

ఎడ్మంటన్_వదిన:
కట్టేవాళ్ల వైపు నుంచి ఒక మాట. నేనొక జిమ్ మానేస్తూ ప్యాడ్ రద్దు చేయమని మెయిల్ పెట్టాను. రద్దుకు వాళ్లు 30 రోజుల కంటే ఎక్కువ నోటీసు అడగకూడదు. ఆ 30 రోజులూ అయిపోయాక కూడా డబ్బు లాగారు. ఫోన్ చేస్తే "సిస్టమ్‌లో చూస్తాం" అంటారు తప్ప చూడరు. మెయిల్ ప్రింటు పట్టుకుని బ్యాంకుకెళ్లాను, డబ్బు వెనక్కొచ్చింది. కానీ ప్యాడ్ ఆపినంత మాత్రాన కాంట్రాక్టు ఆగిపోదండోయ్. ఏడాది సభ్యత్వానికి సంతకం పెట్టి ఉంటే బాకీ బాకీయే.

కూచిపూడి_టీచర్:
అందరికీ థాంక్స్ అండి. ఇంకొక్క డౌటు. ఒక నాన్నగారు ఐటీ కాంట్రాక్టరు, తన కార్పొరేషన్ ఖాతా నంబరిస్తా, బిజినెస్ ప్యాడ్ కింద వేసుకోమంటున్నారు. వేసుకోనా?

చిట్టా_ఆవర్జా:
వద్దు. డబ్బు ఎవరి ఖాతాలోంచి వచ్చిందని కాదు, దేనికోసమని చూస్తారు. బిజినెస్ ప్యాడ్‌కు వెనక్కి అడిగే గడువు 10 పనిదినాలే కాబట్టి మీకు లాభంగా కనిపిస్తుంది. కానీ అమ్మాయి డ్యాన్సు ఆయన వ్యాపారానికి సంబంధించింది కాదు కదా, పర్సనల్ కిందే రాయాలి. ఇంటి ఖాతా నంబరే ఇమ్మనండి. ఆయన అకౌంటెంటు కూడా ఇదే చెప్పాలి. చెప్పకపోతే నా నంబరివ్వండి.